పీఆర్పీ, షాక్‌వేవ్, స్టెరాయిడ్, ఆపరేషన్, ఫిజియో: ఆట గాయానికి ఏది ఎంచుకోవాలి?

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడుతుందన్న మాట వినబడితే చాలు, హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ తెల్లవారకముందే నిండిపోతుంది. మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు. మొదటి వారం అందరూ పరుగెత్తుతారు. నెల తిరిగేసరికి గోడ పక్కన కూర్చుని పిక్కలకు స్ప్రే కొట్టుకునేవాళ్లు, మోకాలికి క్యాప్ తొడుక్కునేవాళ్లు మొదలవుతారు. సలహాలు కూడా అక్కడే దొరుకుతాయి. "పీఆర్పీ చేయించుకో అన్నా, మా దోస్తుకు రెండు ఇంజెక్షన్లకే తగ్గింది" అని ఒకరు, అంటే మన రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్. షాక్‌వేవ్ అని ఇంకొకరు, నొప్పి ఉన్న చోట తట్టే మెషిన్ అది. స్టెరాయిడ్ సూది ఒక్కటి పడితే ఈవెంట్స్ (పరుగు వంటి దేహదారుఢ్య పరీక్షలు) రోజు దాకా నొప్పే తెలియదని మరొకరు. ఇంట్లో అమ్మ మాత్రం "ఉరుకుడు బందు పెట్టు బిడ్డా" అంటుంది.

ఇటు జేఎన్ఎస్‌లో (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) 2021 సెప్టెంబర్‌లో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. మన దగ్గర ఆటను సీరియస్‌గా తీసుకునే ఇళ్లు ఉన్నాయి. అందుకే ఆట గాయాల కొత్త వైద్యం గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. అడిగేదంతా "ఏది లేటెస్ట్?" అనే. నా దృష్టిలో అది పనికొచ్చే ప్రశ్న కాదు.

ఒక మాట ముందే చెప్పాలి. కాలు మెలిపడ్డ కొన్ని గంటల్లోనే మోకాలు బూరెలా ఉబ్బినా, మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోయినా, కాలు మీద బరువే మోపలేకపోయినా, సూది వేయించుకున్నాక జ్వరం వచ్చి కీలు ఎర్రబడినా పోలికలు చదువుతూ కూర్చోవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కింద రాసిందంతా వారాలుగా, నెలలుగా సాగుతున్న నొప్పికి, తొందర లేని నిర్ణయానికి.

మొదటి ప్రశ్న: దేనితో పోల్చి?

ఒక కరపత్రంలో "నూటికి ఎనభై మందికి నయం" అని ఉందనుకుందాం. అదే గాయం ఉండి ఏ సూదీ వేయించుకోనివాళ్లలో ఎందరికి తగ్గింది? ఆ రెండో అంకె లేకపోతే మొదటిదానికి విలువ లేదు. టెన్నిస్ ఎల్బోనే చూడండి. షటిల్ ఆడేవాళ్లకూ, రోజంతా స్పానర్ తిప్పే మెకానిక్కులకూ వచ్చే మోచేతి నొప్పి అది. పెద్దగా ఏ వైద్యమూ చేయకపోయినా ఏడాది తిరిగేసరికి చాలామందికి దానంతట అదే తగ్గిపోతుంది. పైగా మనం డాక్టర్ దగ్గరికి వెళ్లేది నొప్పి బాగా ముదిరినప్పుడే. ముదిరిన నొప్పి ఆ తర్వాత కొంత దిగుతుంది, ఎలాగూ. సరిగ్గా ఆ సమయంలో సూది పడితే కాకి వాలగానే తాటిపండు రాలినట్టు ఉంటుంది. కాకి పేరు ఊరంతా పాకుతుంది.

అందుకే మంచి పరిశోధనల్లో సగం మందికి అసలు మందు, సగం మందికి ఉప్పునీళ్లు ఎక్కిస్తారు. ఎవరికి ఏది పడిందో రోగికి తెలియదు, ఫలితం కొలిచేవాళ్లకూ తెలియదు. ఆపరేషన్ విషయంలోనూ ఇది చేశారు. ఫిన్లాండ్‌లో అరుగుదల వల్ల మెనిస్కస్ (మోకాలిలో ఎముకల మధ్య మెత్తలా ఉండే గుజ్జు) చిరిగిన 146 మందిని తీసుకుని, కొందరికి కీహోల్ ద్వారా చిరిగిన ముక్క తీసేశారు. మిగిలినవాళ్లకు గాటు పెట్టి, చేసినట్టే చేసి, ఏమీ తీయకుండా కుట్టేశారు. 2013లో వచ్చిన ఫలితం ప్రకారం ఏడాది తర్వాత రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇద్దరూ బాగుపడ్డారు. ఇద్దరూ బాగుపడ్డారన్నదే ఇక్కడ అసలు సంగతి.

మిగతా కొలతలు చెప్పడం తేలిక, వాటిని పట్టించుకోవడమే కష్టం. గాయం ఏ భాగంలో ఉంది? కండరం, టెండన్ (కండరాన్ని ఎముకకు అతికించేది), లిగమెంట్ (ఎముకను ఎముకకు కట్టి ఉంచేది), గుజ్జు... ఒకదానికి పనిచేసింది ఇంకోదానికి చేస్తుందని లేదు. "నరం పట్టింది" అన్న ఒక్క మాట మీద ఏ మెషినూ ఎక్కొద్దు. మళ్లీ పరుగెత్తడానికి ఎన్ని వారాలు? ఇప్పుడు ఈ దారి పడితే తర్వాత ఇంకో దారి మూసుకుపోతుందా? పోటీల్లో ఆడేవాళ్లయితే డోపింగ్ నిబంధన ఏమంటోంది?

ఖర్చు లెక్కలో సిట్టింగు రేటు ఒక్కటే చూసి మోసపోతాం. హైదరాబాద్‌లో వారానికొకటి చొప్పున ఐదు సిట్టింగులంటే పోను రాను సుమారు 300 కిలోమీటర్లు, ఐదుసార్లు. బస్సైనా, కాజీపేటలో రైలెక్కినా రోజంతా పోతుంది. కూలికి వెళ్లేవాళ్లకు అది ఐదు రోజుల కూలి కూడా. తోడు వచ్చేవాళ్ల కూలి వేరే.

ఒక చూపులో

| పద్ధతి | ఎక్కువగా దేనికి చెబుతారు | ఆధారం | పట్టే కాలం | చిక్కు |
|---|---|---|---|---|
| బరువు పెంచుతూ చేసే వ్యాయామం | మడమ వెనక టెండన్, మోకాలి చిప్ప కింది టెండన్, అరికాలు | గట్టిది | 12 వారాలు, అంతకు మించి | ఓపిక కావాలి, మధ్యలో మానేస్తారు |
| షాక్‌వేవ్ | నెలల తరబడి తగ్గని అరికాలు, టెండన్ నొప్పి | ఓ మోస్తరు | వారానికొకటి, 3 నుంచి 5 సిట్టింగులు | వ్యాయామానికి తోడే కానీ బదులు కాదు |
| పీఆర్పీ | టెండన్, మోకాలి అరుగుదల, కండరం చిరుగు | చాలా గాయాలకు బలహీనం | నెలలు | తయారీ ఒక్కో చోట ఒక్కోలా |
| స్టెరాయిడ్ ఇంజెక్షన్ | మోచేయి, భుజం, మోకాలు | కొద్ది వారాలకు గట్టిది, తర్వాత బలహీనం | రోజుల్లోనే ఉపశమనం | మళ్లీ తిరగబెట్టడం, డోపింగ్ నిబంధన |
| ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) ఆపరేషన్ | మోకాలు జారిపోతున్నవాళ్లు | మనిషిని బట్టి | ఆటకు కనీసం 9 నెలలు | తర్వాతి ఫిజియో లేకపోతే దండగ |
| మూలకణాల ఇంజెక్షన్ | గుజ్జు అరుగుదల అని అమ్ముతారు | రుజువు కాలేదు | చెప్పలేం | పరిశోధన బయట ఇవ్వడానికి అనుమతి లేదు |

పీఆర్పీ

ముందు దీని గురించే, ఎందుకంటే ఎక్కువమంది అడిగేది ఇదే. మన చేతి నుంచే రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పుతారు. ఎర్రకణాలు అడుగుకు దిగి, పైన పసుపు రంగు ద్రవం తేలుతుంది. అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే భాగాన్ని తీసి గాయం దగ్గర ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్లలో కణాలను పెంచే పదార్థాలు ఉంటాయి కాబట్టి గాయం త్వరగా మానుతుందన్నది ఆలోచన. వినడానికి ఎంత బాగుంది! మన రక్తమే మనకు మందు. 2009లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు హైన్స్ వార్డ్ సూపర్ బౌల్ ముందు చేయించుకున్నాడని తెలిశాక దీని పేరు మోగిపోయింది. మందుకంటే ముందు కథ వచ్చింది, లెక్కలు తర్వాత వచ్చాయి.

ఆ లెక్కలు చూద్దాం. మడమ వెనక టెండన్ నొప్పి ఉన్న 240 మందిలో కొందరికి పీఆర్పీ ఇచ్చి, కొందరికి ఉత్తి సూది గుచ్చి చూసిన బ్రిటన్ పరిశోధన 2021లో వచ్చింది. ఆరు నెలల తర్వాత రెండు గుంపుల స్కోరు దాదాపు ఒకటే. అదే ఏడాది ఆస్ట్రేలియాలో మోకాలి అరుగుదల ఉన్న 288 మందికి వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు ఇచ్చారు, సగం మందికి పీఆర్పీ, సగం మందికి ఉప్పునీళ్లు. ఏడాది తర్వాత పదికి కొలిచే నొప్పి పీఆర్పీ వాళ్లకు 2.1, ఉప్పునీళ్ల వాళ్లకు 1.8 తగ్గింది. గుజ్జు అరగడంలోనూ తేడా లేదు. తొడ వెనక కండరం చిరిగిన 80 మంది ఆటగాళ్ల మీద 2014లో నెదర్లాండ్స్‌లో చేసినదాంట్లో కూడా పీఆర్పీ వల్ల ఆటకు ముందుగా తిరిగి వచ్చింది లేదు.

మరి "మా దోస్తుకు తగ్గింది" అన్న మాట అబద్ధమా? కాదు. ఉప్పునీళ్లు పడ్డవాళ్లకూ తగ్గిందిగా! ఇంకో కోణం కూడా ఉంది, దాన్ని దాచడం అన్యాయం. కొన్ని చిన్న పరిశోధనల్లో పీఆర్పీకి మేలైన ఫలితం కనిపించింది. ఎన్ని మిల్లీలీటర్ల రక్తం, ఎన్ని తిప్పులు, తెల్లకణాలు ఉంచారా తీశారా అన్నది ఒక్కో కిట్‌కు ఒక్కోలా ఉంటుంది. అందుకే పీఆర్పీ అన్న ఒకే పేరు కింద రకరకాల మందులు నడుస్తున్నాయి. వ్యాయామం నెలల తరబడి నిజంగా చేసీ తగ్గనివాళ్లు, డబ్బుకు ఇబ్బంది లేనివాళ్లు, డాక్టర్‌తో ఈ సంగతులన్నీ మాట్లాడుకుని ప్రయత్నిస్తే నేను వద్దనను. మొదటి మందుగా మాత్రం వద్దు. అప్పు చేసి అసలే వద్దు.

పోటీల్లో ఆడేవాళ్లకు ఇందులో డోపింగ్ బెడద లేదు. 2011 నుంచి పీఆర్పీ వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాలో లేదు. కానీ విడిగా పెరుగుదల కారకాలు కలిపిన ఇంజెక్షన్లు నిషేధమే. సిరంజిలో ఏం కలుపుతున్నారో అడిగి రాయించుకోవాలి.

స్టెరాయిడ్ సూది

ఇది కొత్తది కాదు, కానీ కొత్తవాటితో పోటీపడేది ఇదే. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, రోజుల్లో నొప్పి దిగుతుంది. రోగి కోరేదీ పాలే, వైద్యుడు ఇచ్చేదీ పాలే అన్న సామెత దీనికి బాగా అతుకుతుంది.

ఆస్ట్రేలియాలో టెన్నిస్ ఎల్బో ఉన్న 165 మందిని ఏడాది పాటు గమనించి 2013లో ఫలితాలు ఇచ్చారు. మొదటి వారాల్లో స్టెరాయిడ్ వాళ్లదే పైచేయి. ఏడాది తిరిగేసరికి తలకిందులైంది. ఉప్పునీళ్లు పడ్డవాళ్లలో 96 శాతం మంది పూర్తిగానో చాలావరకో కోలుకుంటే, స్టెరాయిడ్ పడ్డవాళ్లలో 83 శాతమే. నొప్పి తిరగబెట్టింది స్టెరాయిడ్ గుంపులో 54 శాతం మందికి, రెండో గుంపులో 12 శాతం మందికి. ఈ ఒక్క పరిశోధన గుర్తుంటే చాలు, "ఒక్క సూదితో ఈవెంట్స్ కొట్టేయొచ్చు" అన్న మాట ఎంత ఖరీదైందో అర్థమవుతుంది. నొప్పి తెలియకపోవడం, గాయం మానడం ఒకటి కావు. బలహీనమైన టెండన్ మీద నొప్పి తెలియకుండా 1600 మీటర్లు పరుగెత్తితే అది తెగే ప్రమాదం ఉంది. మోకాలి అరుగుదలకు మూడు నెలలకొకసారి చొప్పున రెండేళ్లు ఈ సూది వేసిన మరో పరిశోధనలో, ఉప్పునీళ్ల వాళ్లకంటే గుజ్జు ఎక్కువగా తగ్గింది.

రాష్ట్ర, జాతీయ స్థాయి ఆటగాళ్లకు ఇంకో పెద్ద గండం. 2022 జనవరి 1 నుంచి పోటీల సమయంలో శరీరంలో ఎక్కడ వేసిన స్టెరాయిడ్ ఇంజెక్షనైనా నిషేధమే, మోకాలి కీలులో వేసినా సరే. కొన్ని మందులు మూడు రోజుల్లో బయటికి పోతాయని లెక్క, కీలులో ఎక్కువగా వాడే ట్రయామ్సినొలోన్‌కు మాత్రం పది రోజులు. నిజంగా వైద్య అవసరం ఉంటే ముందుగా మినహాయింపు కోసం దరఖాస్తు చేసుకోవాలి. మాటల్లో మాట: మ్యాచ్ ముందు నీరసంగా ఉందని పక్క క్లినిక్‌లో సెలైన్ ఎక్కించుకునే అలవాటు కబడ్డీ పిల్లల్లో ఉంది. ఆసుపత్రి చికిత్సలో భాగంగా కాకుండా 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి ఎక్కిస్తే అదీ నిషేధమే. కోచ్‌లే చెప్పాలి ఇది.

షాక్‌వేవ్

కిడ్నీలో రాళ్లు పగలగొట్టే మెషిన్ తమ్ముడు ఇది. 1980లో మ్యూనిక్‌లో తొలిసారి మనిషి మీద ఆ పద్ధతి వాడారు. 2000లో అరికాలు నొప్పికి అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాలకు అనుమతి ఇచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతి వచ్చింది. కరెంటు షాక్ కాదు, భయపడొద్దు. హ్యాండ్‌పీస్‌ను మడమ మీద పెట్టి టకటకా కొడతారు, పది నిమిషాల లోపు అయిపోతుంది, కొంచెం నొప్పి పెడుతుంది.

నా మొగ్గు చెప్పాలంటే, కొత్త మెషిన్లలో కాస్త నమ్మదగ్గది ఇదే. అది కూడా రెండు షరతుల మీద. నొప్పి మొదలై నెలలు గడిచి ఉండాలి, వ్యాయామం పక్కన నడుస్తూ ఉండాలి. పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమ కింద చురుక్కుమనే నొప్పికి దీనికి చెప్పుకోదగ్గ ఆధారం ఉంది. ఎదుగుతున్న పిల్లల ఎముక చివర్ల మీద, గర్భిణులకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు, ఇన్ఫెక్షన్ లేదా గడ్డ ఉన్న చోట వాడకూడదు. మెషిన్లలో రెండు రకాలు. ఒకటి లోతులో ఒక బిందువు మీద దెబ్బ వేస్తుంది, రెండోది పైనుంచి విస్తరించి తట్టుతుంది. రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు, కాబట్టి మీకు చేసేది ఏదో అడగండి.

గ్రౌండ్ దగ్గర ఒక కుర్రాడితో జరిగిన మాటలు ఇలా సాగాయి.

"తమ్మీ, ఎన్ని సిట్టింగులు చెప్పిండ్రు?"
"ఐదు అన్నా. ప్యాకేజీ తీసుకుంటే ఒకటి ఫ్రీ."
"ఎక్సర్‌సైజ్ ఏమన్న చెప్పిండ్రా?"
"పేపర్ ఇచ్చిండ్రు గదా. బండి డిక్కీల ఉన్నది."

వ్యాయామం: డిక్కీలో ఉన్న ఆ పేపర్

దీనికి కరపత్రం వేసేవాళ్లు ఉండరు, అమ్మడానికి ఏమీ లేదు కాబట్టి. కానీ పైన చెప్పినవన్నీ పోల్చాల్సింది దీనితోనే.

మడమ వెనక టెండన్‌కు స్వీడన్ డాక్టర్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో చూపించిన పద్ధతి ఇది. స్టేడియం గ్యాలరీ మెట్టు అంచున పాదాల ముందు భాగం మాత్రమే ఆనించి నిలబడాలి. పక్కన రెయిలింగ్ పట్టుకోవచ్చు. రెండు కాళ్లతో మునివేళ్ల మీదికి లేచి, బరువంతా నొప్పి ఉన్న కాలు మీదికి మార్చి, మడమను మెట్టు కంటే కిందికి మెల్లగా దించాలి. మళ్లీ లేవడానికి మంచి కాలు సాయం తీసుకోవాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడుసార్లు, మోకాలు కొంచెం వంచి 15 చొప్పున మూడుసార్లు. ఇదంతా రోజుకు రెండు పూటలా, అంటే రోజుకు 180. తేలికగా అనిపిస్తే భుజానికి బ్యాగు తగిలించుకుని అందులో బరువు పెంచుకుంటూ పోవాలి. ఓర్చుకోగల నొప్పి ఉంటే ఆపనక్కర్లేదు. 12 వారాలు. ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న 15 మంది పరుగు ప్రియులు ఆయన దగ్గర ఇలా చేసి మళ్లీ పరుగెత్తారు. తర్వాత వచ్చిన పరిశోధనల్లో, వారానికి మూడుసార్లు ఎక్కువ బరువుతో నెమ్మదిగా చేసినా అంతే ఫలితం వచ్చింది. రోజూ కుదరనివాళ్లకు అది మేలు. నొప్పి సరిగ్గా టెండన్ ఎముకకు అతికే చోట ఉంటే మాత్రం మడమను మెట్టు కిందికి దించకుండా చదునైన నేల మీదే చేయాలి.

అరికాలు నొప్పికి ఇదే తరహాలో, వేళ్ల కింద టవల్ చుట్ట పెట్టి ఒంటికాలి మీద మడమ ఎత్తే వ్యాయామం ఉంది. 48 మంది మీద చూసినప్పుడు మూడు నెలల దగ్గర మామూలు స్ట్రెచింగ్ కంటే మెరుగ్గా ఉంది. ఏడాదికి రెండూ సమానమయ్యాయి.

దీని లోపం ఒక్కటే, కానీ పెద్దది. మూడో వారంలో విసుగొస్తుంది, ఫలితం ఆరో వారం తర్వాత గానీ కనబడదు. చాలామంది "ఫిజియో చేశా, పనిచేయలే" అంటారు. విచారిస్తే పది రోజులు వేడి కాపడం, కరెంటు పట్టీలు పెట్టించుకుని ఉంటారు. అది బరువు పెంచుతూ చేసే వ్యాయామం కాదు.

ఏసీఎల్: ఆపరేషనా, ఆగి చూడడమా

కబడ్డీలో కాలు నేల మీద పాతుకుపోయి ఒళ్లు తిరిగినప్పుడు "టప్" మని శబ్దం, వెంటనే వాపు. ఎమ్మారైలో ఏసీఎల్ పూర్తిగా తెగిందని వస్తుంది. ఇంట్లో ఒకటే టెన్షన్: వెంటనే ఆపరేషన్ చేయించకపోతే కాలు పోతుందా?

పోదు. స్వీడన్‌లో 18 నుంచి 35 ఏళ్ల లోపు చురుకైన 121 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ముందే ఆపరేషన్, తర్వాత ఫిజియో. రెండో గుంపుకు ముందు ఫిజియో, అవసరమైతేనే ఆపరేషన్. రెండేళ్ల తర్వాత మోకాలి పనితీరులో రెండింటికీ తేడా రాలేదు. రెండో గుంపులో 59 మందికి గాను 23 మంది మాత్రమే ఆ లోపు ఆపరేషన్ దాకా వెళ్లారు. ఐదేళ్లకు ఆ సంఖ్య దాదాపు సగానికి చేరింది. అంటే సగం మంది ఆపరేషన్ లేకుండానే గడిపారు, మిగతా సగానికి చివరికి అవసరపడింది.

దీన్ని ఎవరు ఎలా చదువుకోవాలన్నది వాళ్ల ఆట మీద ఉంటుంది. ఒక్కసారిగా తిరగడం, ఆగడం, ఎదుటివాడి బరువు మీద పడడం ఉండే కబడ్డీ, ఫుట్‌బాల్ మళ్లీ ఆడాలనుకునే 19 ఏళ్ల పిల్లకు ఆపరేషన్ వైపు మొగ్గడంలో అర్థముంది. పరుగు, సైకిల్, పొలం పని చాలనుకునేవాళ్లు మూడు నెలలు గట్టి ఫిజియో చేసి, నడకలో మోకాలు జారిపోతోందా లేదా చూసుకుని నిర్ణయించుకోవచ్చు. జారుతూ ఉంటే మాత్రం సాగదీయొద్దు, ప్రతి జారుడుకూ మెనిస్కస్ దెబ్బతినే ప్రమాదం ఉంది. మెనిస్కస్ చిరిగి మోకాలు ఇరుక్కుంటే లెక్క వేరు, త్వరగా చూపించాలి.

ఆపరేషన్ చేయించుకుంటే గ్రాఫ్ట్ రకం, స్క్రూ కంపెనీ, రోబో ఉందా లేదా అని అడుగుతారు కానీ ఆ తర్వాతి తొమ్మిది నెలల ఫిజియో ఎవరు చేయిస్తారో అడగరు. నార్వే పరిశోధన ఒకటి 2016లో వచ్చింది. ఆటకు తిరిగి రావడం తొమ్మిది నెలల దాకా వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ గాయపడే ప్రమాదం సగానికి సగం తగ్గుతూ వచ్చింది. ఆరో నెలలో టోర్నమెంట్ ఉందని దింపే కోచ్‌కు ఈ ముక్క చూపించండి. ఇంటికి దగ్గర్లో వారానికి రెండుసార్లు వెళ్లగలిగే ఫిజియో దొరికాకే ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవాలని నా సలహా. సర్జన్ హైదరాబాద్‌లో ఉన్నా ఫర్వాలేదు, ఆయన దగ్గరికి వెళ్లేది కొద్దిసార్లే.

మూలకణాలు, చలి గది, ఇతరాలు

మూలకణాల ఇంజెక్షన్‌తో గుజ్జు మళ్లీ పెరుగుతుందని చెప్పి లక్షలు అడిగేవాళ్లు ఉంటారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటివి తప్ప మిగతా మూలకణ వైద్యమంతా అనుమతి ఉన్న పరిశోధనలో భాగంగానే జరగాలి. పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి ఒకటే పరీక్ష: బిల్లు వేస్తున్నారా? వేస్తే లేచి వచ్చేయండి.

ఒళ్లంతా గడ్డకట్టే చలిలో నిలబెట్టే గదులకు ఏ వైద్య ప్రయోజనమూ రుజువు కాలేదని ఎఫ్‌డీఏ 2016లోనే హెచ్చరించింది. బకెట్‌లో ఐసు చవక. గుండె వేగం చెప్పే వాచీ శిక్షణ ఎంత పెంచాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది, గాయాన్ని ముందే కనిపెట్టడానికి కాదు.

మీరెవరు?

ఈవెంట్స్ తేదీ దగ్గర పడ్డ అభ్యర్థికి నిజంగా కష్టమే. ఎనిమిది వారాలకు పైగా ఉంటే వ్యాయామం ఈరోజే మొదలుపెట్టి, పరుగు పూర్తిగా ఆపకుండా దూరం సగానికి తగ్గించి, నొప్పి పెరగని వేగంతో కొనసాగించడం మంచిది. రెండు వారాలే ఉంటే ఏ కొత్త మెషినూ అద్భుతం చేయదు, సూది దారి పట్టొద్దు. ఎముక మీద వేలితో నొక్కితే ఒకేచోట చుర్రుమంటుంటే అది ఎముక పగులు కావచ్చు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఆర్థో ఓపీలోనో మరెక్కడో చూపించుకున్నాకే పరుగు.

భద్రకాళి బండ్ మీద నడిచే యాభై దాటినవాళ్లకు ఎమ్మారైతోనే సగం భయం. అమెరికాలో యాభై దాటిన మామూలు జనానికి ఎమ్మారై తీసి చూస్తే, మెనిస్కస్ చిరిగి ఉన్నవాళ్లలో 61 శాతం మందికి ఆ ముందటి నెలలో మోకాలి నొప్పే లేదు. రిపోర్టులో "టేర్" అన్న మాట కనబడగానే కీహోల్‌కు పరుగెత్తనక్కర్లేదు. తొడ కండరం బలపరిచే వ్యాయామం, బరువు ఉంటే తగ్గించుకోవడం, వీటితో మొదలుపెట్టొచ్చు.

పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల తల్లిదండ్రులకు: ఎదిగే వయసులో మోకాలి కింద బుడిపెలా వచ్చే నొప్పికి సూదులు, మెషిన్లు వద్దు. ఆట కొంత తగ్గిస్తే సాధారణంగా అదే సర్దుకుంటుంది. రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి అయితే మాత్రం తప్పక చూపించాలి.

ఇక కాలేజీ పీడీలు, అకాడమీ నడిపేవాళ్లు, కొత్తగా క్లినిక్ పెట్టే ఫిజియోలు. మెషిన్ కొనమని సేల్స్ అతను వస్తాడు. "ఎఫ్‌డీఏ క్లియర్డ్" అని చూపిస్తాడు. చాలాసార్లు దానికి అర్థం, ముందునుంచి మార్కెట్లో ఉన్న ఒక మెషిన్‌ను పోలి ఉందని మాత్రమే. వ్యాయామం కంటే మేలని కాదు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం కిందికి వచ్చాయి. ప్రమాద స్థాయిని బట్టి ఏ, బీ, సీ, డీ అని తరగతులు ఉన్నాయి. లైసెన్సు కాపీ, తరగతి అడగండి. ఏ పరిశోధన చూపించినా అందులో పోలిక గుంపు ఉందా, ఎందరున్నారు, ఎన్ని నెలలు చూశారు అని అడగండి. మన దేశంలో చేశామంటే సీటీఆర్ఐ (మన దేశంలో వైద్య పరిశోధనలను నమోదు చేసే జాబితా) నంబర్ ఉండాలి, దాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతికి చూసుకోవచ్చు. సర్వీస్ ఇంజినీర్ ఎక్కడ ఉంటాడు, మెషిన్ ఆగితే ఎన్ని రోజుల్లో వస్తాడు అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. షాక్‌వేవ్ హ్యాండ్‌పీస్‌లో కొన్ని భాగాలు నిర్ణీత సంఖ్యలో దెబ్బలు కొట్టాక మార్చాల్సి ఉంటుంది. ఆ సంఖ్య ఎంత, ఆ భాగాల ధర ఎంత అన్నది కొటేషన్‌లోనే రాయించుకోండి.